పాత ఇంట్లో చిన్న వంటగదిని బాగుచేసుకోవడం: గోడ తడి ఆరబెట్టడం నుంచి గ్యాస్ పొయ్యి అమర్చడం దాకా

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ పట్టణాల్లో మన తెలుగువాళ్ళ పాత ఇళ్ళు చాలావరకు ఒకే తీరున ఉంటాయి. వీధివైపు అరుగు, లోపలికి ఒకదాని వెనక ఒకటిగా గదులు, చివర పెరటి గుమ్మాన్ని ఆనుకొని చిన్న వంటగది. రెండు పక్కలా పొరుగువారితో ఉమ్మడి గోడలు. గోడలు సున్నంతో కట్టినవి, పైన పెంకు లేదా తరువాత ఎప్పుడో వేసిన రేకు.

ఇలాంటి గదిని ఎలా బాగుచేయాలని అడిగేవారిలో చాలామంది టైల్స్ రంగుతోనో గ్రానైట్ ధరతోనో మొదలుపెడతారు. అవి చివరి పనులు. ముందు నీరు, తరువాత గోడ, ఆపైన నేల, వంటగట్టు, అన్నిటి తరువాతే అలంకరణ. ఈ వరుస తప్పితే ఎంత ఖరీదైన సామాను వేసినా రెండు మూడు వానాకాలాల్లో గోడ మళ్ళీ పొక్కుతుంది. కాబట్టి ఈ మార్గదర్శి కూడా అదే వరుసలో సాగుతుంది.

1. పనికి కాలం నిర్ణయించుకోవడం

సంక్రాంతి వెళ్ళిన వారంలో మొదలుపెట్టడం అన్నివిధాలా మంచిది. అప్పటికి వరికోతలు, నూర్పులు ముగిసి కూలీలు దొరుకుతారు, గోడలు ఆరడానికి నాలుగు నెలల పొడి వాతావరణం ముందుంటుంది. వైశాఖంలో ఆవకాయ పెట్టేనాటికి వంటగది చేతికి రావాలని గడువు పెట్టుకోండి.

అక్టోబరు, నవంబరు నెలల్లో పైకప్పు విప్పే పని ఏదీ పెట్టుకోవద్దు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన సంగతి ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. పెంకు దించిన గదిమీద తుపాను వాన పడితే సున్నపు గోడ అడుగుదాకా నానిపోతుంది, అది ఆరడానికి ఒక వేసవి మొత్తం పడుతుంది.

బరంపురంలో రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్ర రోజుల్లోనూ, జూన్ మధ్యలో వచ్చే రజ పండుగ మూడు రోజుల్లోనూ పనివారు రారు. రజ రోజుల్లో మట్టి తవ్వరు కూడా. మేస్త్రీతో గడువు మాట్లాడేటప్పుడే ఈ రోజులు లెక్కలోంచి తీసేయండి.

2. కొలతలు, తొలి తనిఖీ

పాత ఇంటి గది చూడటానికి నలుచదరంగా కనిపించినా మూలలు సరిగ్గా కుదిరి ఉండవు. మూల నుంచి ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవండి. అది సరిగ్గా 5 అడుగులు వస్తే మూల సరిగా ఉన్నట్టు. తేడా ఉంటే గ్రానైట్ కోయించేముందే ఆ వంకరను కాగితంమీద రాసుకోవాలి. గది పొడవు, వెడల్పులను నేలదగ్గర, నడుం ఎత్తులో, తల ఎత్తులో మూడుచోట్ల కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతనే అసలు కొలతగా తీసుకోండి.

తరువాత సుద్దముక్కతో గట్టు, సింకు, పొయ్యి, ఫ్రిజ్ ఆకారాలను అసలు కొలతల్లోనే నేలమీద, గోడమీద గీయండి. వంట చేసేవారిని ఆ గీతల మధ్య నిలబెట్టి, వంగి, తిరిగి చూడమనండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు వంటచేసే అలవాటుంటే అందరినీ అడగాలి. ఈ పనికి గంట చాలు, పైసా ఖర్చు లేదు. పనివారు ఒడియా మాట్లాడేవారైనా, తెలుగు మాట్లాడేవారైనా గోడమీది గీత అందరికీ ఒకేలా అర్థమవుతుంది.

తొలి తనిఖీలో చూడవలసినవి:

☐ పెంకుల సందుల్లోంచి వెలుతురు కనిపిస్తోందా, వాసాలకు చెద పట్టిందా
☐ గోడమీద తెల్లని పొడి, పొక్కులు ఎంత ఎత్తుదాకా ఉన్నాయి
☐ పెరటి నేల వంటగది నేలకంటే ఎత్తుగా ఉందా
☐ వైర్లు చెక్క పట్టీలమీద వేసిన పాతవా, ఎర్తింగ్ ఉందా
☐ మురుగు ఎటు పోతోంది, ఎక్కడ నిలుస్తోంది
☐ ఉమ్మడి గోడకు అవతల పొరుగువారి ఏ గది ఉంది

చివరిది తప్పక తెలుసుకోవాలి. పని మొదలుపెట్టకముందే పొరుగువారి ఇంటికి వెళ్ళి ఏ గోడమీద ఏం చేయబోతున్నారో చెప్పండి. వారి వైపు బీరువా గానీ దేవుడి పటాలు గానీ ఆ గోడకే ఉంటే తీసిపెట్టుకుంటారు.

వాస్తు ప్రకారం పొయ్యి ఆగ్నేయంలో, వండేవారు తూర్పుముఖంగా ఉండాలని ఇంటి పెద్దలు కోరితే ఆ మాట ఇప్పుడే తేల్చుకోవాలి. గట్టు వేశాక పొయ్యి చోటు మార్చాలంటే కరెంటు, గ్యాస్, గాలి మార్గం అన్నీ మార్చాలి.

3. గోడలో తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం

ఈ పనంతటిలో అసలైన మెట్టు ఇదే. సున్నపు గోడ తాను పీల్చిన తడిని మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. దానిమీద గట్టి సిమెంటు పూత వేసి, ఆపైన కింద నుంచి పైదాకా టైల్స్ అంటిస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. లోపలే ఉండిపోయిన తడి ఇంకా పైకి పాకుతుంది, లేదా సున్నాన్ని పిండి చేస్తుంది.

మా వీధిలో ఒక ఇంట్లో టైల్స్ ఊడదీసినప్పుడు సిమెంటు పూత అరచేయంత పెచ్చులుగా చేతికి వచ్చింది. దాని వెనక ఇటుకల మధ్య సున్నం వేలితో గీస్తే తడి పిండిలా రాలింది. టైల్స్ మంచివే, పనితనమూ మంచిదే. గోడకు అవతల పొరుగింటి స్నానాలగది గొట్టం కారుతోందని మాత్రం ఎవరూ చూడలేదు.

తడి ఏ దారిన వస్తోందో గోడను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

నేల నుంచి రెండు మూడడుగుల ఎత్తున పట్టీలా సాగి, పై అంచున తెల్లని ఉప్పు పొడి కనిపిస్తే అది పునాది నుంచి ఎక్కుతున్న చెమ్మ. పైనుంచి గోధుమరంగు చారలుగా దిగితే పెంకు పగిలిందో, పెంకులు, గోడ కలిసేచోట సున్నం ఊడిందో అయివుంటుంది. ఒకేచోట మచ్చలా ఉండి ఎండాకాలంలో కూడా ఆరకపోతే గొట్టం కారుతోంది. ఇవేవీ కాక పొయ్యి ఎదుటి గోడ మాత్రమే వంటవేళ చెమరిస్తే అది గదిలోని ఆవిరే, దానికి మందు గాలి ఆడేలా చేయడం.

అనుమానం తీరకపోతే ఒక పరీక్ష చేయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పలుచని ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించండి. రెండు రోజుల తరువాత గోడవైపు నీటి బొట్లు కనిపిస్తే తడి గోడలోంచి వస్తోంది. గది వైపు బొట్లుంటే అది ఆవిరి.

కారణాన్ని బట్టి చికిత్స:

పునాది చెమ్మకు మందు గోడ వెలుపల ఉంటుంది. ఏళ్ళతరబడి పెరట్లో మట్టి, గచ్చు ఒకదానిమీద ఒకటి వేస్తూ రావడంవల్ల పెరటి నేల పునాది గట్టుకంటే పైకి వచ్చేస్తుంది. ఆ మట్టిని లోపలి నేలకంటే కనీసం ఆరంగుళాలు కిందికి దించి, చూరు నీరు గోడ మొదట్లో పడకుండా వాలుగా కాలువకు పోయేలా చేయాలి. నిజానికి చాలా ఇళ్ళలో ఈ ఒక్క పనితోనే చెమ్మ తగ్గుముఖం పడుతుంది.

గోడ లోపల, తడి గీతకు అడుగు పైదాకా పాత పూతను చెక్కేయాలి. ఉప్పును పొడి బ్రష్షుతో గీకి, రాలిన పొడిని ఊడ్చి బయట పారబోయాలి. నీళ్ళతో కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. ఆ తరువాత కిటికీ, గుమ్మం తీసిపెట్టి గోడను అలాగే వదిలేయండి. నాలుగు వారాలు తక్కువేమీ కాదు, ఆరు వారాలు ఆగగలిగితే ఇంకా మంచిది. మేస్త్రీ తొందరపెడతాడు, ఇంట్లోవారూ విసుగుపడతారు. అయినా ఇక్కడ ఆగాలి.

4. విప్పేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

ముందుగా వరండాలోనో వెనక వసారాలోనో తాత్కాలిక వంటకు చోటు ఏర్పాటు చేసుకోండి. గ్యాస్ కనెక్షన్‌ను ఏజెన్సీ మెకానిక్‌తోనే విప్పించాలి. వంటగది కరెంటును మెయిన్ దగ్గరే ఆపాలి.

విప్పడం పైనుంచి కిందికి జరగాలి. ముందు అటక, అలమరలు, తరువాత గట్టు, చివరికి నేల. పాత వంటగట్టు కొన్నిచోట్ల గోడకు ఆనుగా నిలిచి ఉంటుంది కాబట్టి సుత్తితో ఒక్కసారిగా కొట్టించకుండా చివర నుంచి రాయి రాయిగా తీయించండి. పైకప్పుది ఆస్బెస్టాస్ రేకు అయితే దాన్ని పొడిగా కోయడం, పగలగొట్టడం చేయకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు తీవ్రమైన హాని చేస్తుంది. రేకును తడిపి, మేకులు ఊడదీసి, ముక్కలు కాకుండా దించాలి.

మందపాటి గోడల్లో ఉన్న పాత గూళ్ళను పూడ్చవద్దు. అడుగు పైబడిన గోడలో ఉన్న గూడు చిన్న గదికి దొరికిన ఉచిత అలమర. రెండు కడప రాతి పలకలు అడ్డంగా దించితే ఉప్పు, పోపుడబ్బా, పచ్చడి జాడీలకు సరిపోతుంది. కొత్త గూళ్ళు మాత్రం బరువు మోసే గోడలో తొలిపించకూడదు.

5. నీటి గొట్టాలు, మురుగు

గోడ ఆరుతున్న వారాల్లోనే ఈ పని చేయించవచ్చు. చల్లనీటికి యూపీవీసీ, వేడినీటికి సీపీవీసీ గొట్టాలు వాడాలి. పాత ఇనుప గొట్టాన్ని సగంలో కోసి కొత్తదానికి అతికించడం తప్పు. తుప్పు లోపల సాగుతూనే ఉంటుంది.

సింకు నుంచి మురుగు గొట్టం 50 మి.మీ. ఉండాలి, ప్రతి 40 అంగుళాలకు ఒక అంగుళం వాలు ఉండాలి. మలుపు దగ్గర శుభ్రం చేసుకోవడానికి మూత ఉన్న వంపు పెట్టించండి. అన్నం గంజి, నూనె జిడ్డు గడ్డకట్టేది అక్కడే.

గోడ తొలిచి గొట్టం పాతేటప్పుడు నిలువు గాడి గోడ మందంలో మూడోవంతు, అడ్డగాడి ఆరోవంతు దాటకూడదు. ఉమ్మడి గోడలో అడ్డగాడి అసలు వద్దు. గొట్టాలను గట్టు కింద గోడమీదుగానే తీసుకెళ్తే రేపు కారినా కంటికి కనిపిస్తుంది. పూత వేయకముందు కుళాయిలు బిగించి, గొట్టాల్లో నీరు నింపి, ఒక రాత్రంతా ఉంచి అతుకులన్నీ పొడిచేత్తో తడిమి చూడాలి.

6. కరెంటు

పాత ఇళ్ళలో రెండు తీగలే ఉంటాయి, ఎర్తింగ్ ఉండదు. వంటగదిలో తడి చేతులతో స్విచ్చులు తాకుతాం కనుక ఎర్త్ గుంట, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) రెండూ తప్పనిసరి. ఇక్కడ పొదుపు చేయకండి.

2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానితోపాటు గ్రైండరు, ఫ్రిజ్ నడిస్తే పాత తీగ వేడెక్కుతుంది. పవర్ సాకెట్లకు 4 చ.మి.మీ. రాగి తీగ, లైట్లకు 1.5 చ.మి.మీ. తీగ, ప్రతి లైనుకు వేరే ఎం.సి.బి. (లోడు మించితే లైనును ఆపే స్విచ్చు) వేయించండి. మంజూరైన లోడు చాలకపోతే దక్షిణ ఒడిశాలో విద్యుత్తు సరఫరా చేసే టి.పి.ఎస్.ఓ.డి.ఎల్. కార్యాలయంలో పెంచమని దరఖాస్తు చేయాలి.

సున్నపు గోడను ఎక్కువగా తొలవడం కంటే పైన పీవీసీ పట్టీల్లో వైరింగు చేయించడమే నా సలహా. సాకెట్లు గట్టుకు 9 అంగుళాల పైన, సింకుకు రెండడుగుల దూరంలో ఉండాలి. పొయ్యి వెనక సాకెట్ పెట్టకూడదు.

7. గోడ పూత

గోడ ఆరిందని తేలాక, సున్నపు గోడకు సున్నపు పూతే వేయించాలి. నానబెట్టి కనీసం రెండు వారాలు మాగిన సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు సరిపోతుంది. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకకపోతే సిమెంటు 1, సున్నం 2, ఇసుక 9 పాళ్ళ మిశ్రమం వేయించండి. ఉత్త సిమెంటు, ఇసుక 1:3 పూత గట్టిగా ఉంటుందని మేస్త్రీలు మెచ్చుకుంటారు గానీ, మెత్తని గోడమీద ఆ గట్టి పూతే ముందుగా పగులుతుంది.

ఒక్కో పొర 10 నుంచి 12 మి.మీ. మించకూడదు. ఇసుక సముద్రతీరానిది కాకుండా నది ఇసుక కావాలి. గోపాలపురం వైపు ఉండేవారు ఈ మాట మరీ పట్టించుకోవాలి. ఉప్పు ఇసుకతో వేసిన పూత ప్రతి వానాకాలంలోనూ చెమరుస్తుంది.

8. నేల

పాత గచ్చు పగుళ్ళు లేకుండా, గుల్లగా మోగకుండా ఉంటే దాన్ని ఉంచేయండి. కొత్త టైల్ ఏదీ అంత చల్లగా ఉండదు. పాడైతే మాత్రం పూర్తిగా తవ్వించి వేయాలి. పాతదానిమీదే టైల్స్ వేస్తే నేల రెండంగుళాలు లేస్తుంది, పెరటి తలుపు రాసుకుంటుంది, అసలే పొట్టిగా ఉండే పాత గుమ్మం తలకు తగులుతుంది.

ఎనిమిది అడుగుల పొడవుకు ఒక అంగుళం వాలు నహానీ ట్రాప్ (నేల నీరు మురుగులోకి దిగే జాలీ) వైపు ఇవ్వాలి. టైల్స్ కింద, గోడ అంచున అరడుగు ఎత్తుదాకా వాటర్‌ప్రూఫ్ పూత రెండుసార్లు వేసి, ట్రాప్ నోరు మూసి, రెండంగుళాల నీరు ఒక పగలు, ఒక రాత్రి నిలవబెట్టి చూడాలి. టైల్స్ గరుకువే ఎంచుకోండి. నునుపు టైల్‌మీద గంజి ఒలికితే కాలు జారుతుంది.

9. వంటగట్టు

గట్టు ఎత్తుకు అందరికీ సరిపోయే లెక్క లేదు. మోచేయి మడిచి నిలబడితే మోచేతికి నాలుగు నుంచి ఆరంగుళాల కిందికి గట్టు పైభాగం రావాలి. మన ఇళ్ళలో ఇది సాధారణంగా 32 నుంచి 34 అంగుళాలు. ముందు గీసిన సుద్దగీత దగ్గర ఈ కొలత మరోసారి చూసుకోండి. లోతు 24 అంగుళాలు. గట్టు ముందు నడకకు కనీసం 3 అడుగులు వదలాలి. గది వెడల్పు ఏడడుగులకంటే తక్కువైతే రెండువైపులా గట్టు వేయవద్దు. ఒకవైపు గట్టు, ఎదుటి గోడకు 12 అంగుళాల సన్నని అరలు చాలు.

గట్టు బరువును పాత గోడలోకి దించకూడదు. నేలనుంచి లేపిన ఇటుక దిమ్మెలు లేదా నిలువు కడప పలకలు మోయాలి. వాటిమీద అడ్డంగా కడప పలక, దానిమీద అంగుళం మోర్టారు, ఆపైన 18 లేదా 20 మి.మీ. గ్రానైట్. సింకు కోసిన చోట రాయి సన్నబడుతుంది కాబట్టి సింకుకు రెండు పక్కలా ఒక్కో దిమ్మె ఉండాలి. గ్రానైట్ పగుళ్ళలో ఎక్కువ భాగం సింకు మూలనుంచే మొదలవుతాయి.

టెక్కలి ప్రాంతపు నీలి గ్రానైట్ పర్లాకిమిడి వైపువారికి దగ్గరలోనే దొరుకుతుంది. రాయిని ఎండలో తడిపి చూసి ఎంచుకోండి. తడిస్తేనే సన్నని చీలికలు కనిపిస్తాయి. ముందు అంచు కింద వేలు పట్టేంత సన్నని గాడి తీయిస్తే ఒలికిన నీరు కింది అరల్లోకి పాకకుండా అక్కడే చుక్కలై పడిపోతుంది.

10. గోడ టైల్స్

గట్టు వెనక రెండడుగుల ఎత్తు చాలు. మిగతా గోడకు సున్నం వేసి వదిలేస్తే గోడ ఆరుతూ ఉంటుంది. పైదాకా టైల్స్ ఉంటే శుభ్రం చేయడం తేలికన్నది నిజమే. కానీ ఇది కొత్త కాంక్రీటు ఇంటికి వర్తించే మాట.

టైల్ వెనక నాలుగుచోట్ల సిమెంటు ముద్దలు పెట్టి నొక్కే పద్ధతిని ఒప్పుకోవద్దు. అంటు పదార్థం వెనకంతా పరుచుకోవాలి. మరునాడు వేలి కణుపుతో ప్రతి టైల్‌నూ తట్టి చూడండి. గుల్లగా మోగినది పచ్చిగా ఉండగానే తీయించాలి. పొయ్యి, సింకు దగ్గర సందులు నింపడానికి ఎపాక్సీ (నీరు పీల్చని జిగురు పూరకం) వాడితే పసుపు, నూనె మరకలు పట్టవు.

11. గ్యాస్, గాలి

వంటగ్యాస్ గాలికంటే బరువైనది, కారితే నేలకు దిగి నిలుస్తుంది. అందుకే పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నా, బయటి గోడకు నేల దగ్గర జాలీ ఉన్న కన్నం ఒకటి తప్పక ఉంచాలి. సిలిండర్ నిలువుగా, పొయ్యి దానికంటే ఎత్తులో ఉండాలి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న సురక్షా గొట్టం 1.5 మీటర్లు మించకూడదు, అయిదేళ్ళకు మార్చాలి. అతుకులమీద సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. వాసన వస్తే స్విచ్చులు తాకకుండా తలుపులు తీసి, రెగ్యులేటర్ మూసి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

పెంకు కప్పు కింద పీవీసీ సీలింగ్ బిగించాలనుకునేవారు పొయ్యిపైన మాత్రం వదిలేయండి. వేడికి అది వంగుతుంది, మంటకు విషపు పొగ వస్తుంది. చీకటి గదికి సీలింగ్ లైట్ల కంటే కప్పులో రెండు గాజు పెంకులు ఎక్కువ ఉపకారం చేస్తాయి.

12. అరలు, తలుపులు

సున్నపు గోడలో మేకులు, మరలు నిలవవు. వేలాడే అలమరల బదులు నేలమీద నిలిచే అరలు చేయించండి. తప్పనిసరైతే మరలు ఇటుక నడుమన దిగాలి, అతుకులో కాదు. చెక్క వాడితే ఐ.ఎస్. 710 గుర్తున్న, నీటిని తట్టుకునే ప్లైవుడ్ కావాలి. కింది అంచు నేలకు నాలుగంగుళాల పైన ఉండాలి. సింకు, బందులు 304 రకం స్టీలువి తీసుకోండి.

13. మేస్త్రీకి చివరి డబ్బు ఇచ్చేముందు

☐ బకెట్ నీరు నేలమీద పోస్తే మడుగు కట్టకుండా పోతోంది
☐ సింకు నిండా నీరు వదిలితే కింద అతుకులు పొడిగా ఉన్నాయి
☐ ఆర్.సి.సి.బి. పరీక్ష మీట నొక్కితే కరెంటు ఆగుతోంది
☐ గ్రైండరు, ఇండక్షన్ కలిపి నడిపినా ప్లగ్గు వేడెక్కడం లేదు
☐ ఏ టైలూ గుల్లగా మోగడం లేదు
☐ గొట్టాలు, వైర్లు గోడలో ఎక్కడ పోతున్నాయో ఫోటోలు తీసి ఉంచారు

మొత్తంలో పదోవంతు సొమ్మును తొలి వానాకాలం దాటేదాకా ఆపి ఉంచుతామని ముందే మాట్లాడుకోండి. ఆషాఢంలో రెండు పెద్ద వానలు పడ్డాక మూడో భాగంలో చెప్పిన ప్లాస్టిక్ కాగితాన్ని అదే గోడకు మళ్ళీ అంటించి, రెండు రోజులు చూసి, గోడవైపు పొడిగా ఉంటే ఆ డబ్బు ఇచ్చేయవచ్చు.